బస్తాకు పర్మిట్, దుమ్ముకు మీటరు

మా రోజుల్లో, ఛత్తీస్‌గఢ్‌లో భిలాయి పక్కనున్న మా జాముల్‌లో సిమెంటు బస్తాకు పర్మిట్ ఉండేది. సిమెంటు దుమ్ముకు ఏ నిబంధనా ఉండేది కాదు. ఇప్పుడు బస్తాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, డబ్బుంటే చాలు. దుమ్ముకేమో చట్టాలొచ్చాయి, బోర్డులొచ్చాయి, చిమ్నీలకు మీటర్లొచ్చాయి. అంతా ముందుకే పోయింది కదా, ఇంకా ఏం కావాలి తాతా అని మా మనవడు అడుగుతాడు. నాకేం కావాలో ఇంట్లో చెబితే సగం విని లేచిపోతున్నారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

ముందు ఆ పర్మిట్ సంగతి. మా ఊళ్ళో సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది 1960ల్లో. ఒక వైపు నందిని గనుల సున్నపురాయి, ఇంకో వైపు భిలాయి ఉక్కు కర్మాగారం కొలుముల్లోంచి వచ్చే స్లాగు. రెండూ చేతికందే దూరంలో ఉన్న చోటు మాది. లారీలకు లారీలు, వ్యాగన్లకు వ్యాగన్లు సిమెంటు మా కళ్ళ ముందే వెళ్ళిపోయేది. ఆ బస్తాలెత్తిన మనిషే తన ఇంటికి గచ్చు చేయించుకోవాలంటే దుర్గ్‌లో ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి. ఇల్లెంత, గోడెంత, ఎన్ని బస్తాలు పడతాయి అని అర్జీ పెట్టాలి. గుమాస్తా రాయాలి, పై అధికారి సంతకం పెట్టాలి, కోటా రావాలి. ఈలోగా పెళ్ళి ముహూర్తం వచ్చేసేది, పెళ్ళివారు పేడతో అలికిన నేల మీదే కూర్చునేవారు. దేశమంతా ఇదే తంతు. 1982 జనవరిలో మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే పదవి వదులుకోవాల్సి వచ్చింది కూడా సిమెంటు కోటాల గొడవలోనే. మరుసటి నెలాఖరున కేంద్రం కంట్రోలు కొంత సడలించింది. చేసిన సిమెంటులో కొంత సర్కారుకు లెవీగా ఇచ్చి, మిగిలింది బజారులో అమ్ముకోవచ్చంది. 1989 మార్చిలో ఆ కంట్రోలు పూర్తిగా ఎత్తేశారు.

ఎత్తేయడం మంచిదే. రేడియో పెట్టుకోవడానికి కూడా పోస్టాఫీసులో లైసెన్సు కట్టినవాళ్ళం మేం. ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరను. నా బాధ వేరు. బస్తా మీద అంత కాపలా పెట్టిన సర్కారు, ఆ బస్తా నింపే మనిషి ముక్కులోకి ఏం పోతోందో ఒక్కసారి తొంగి చూడలేదు.

నేను పనిలో చేరింది ప్యాకింగ్‌లో. అప్పట్లో సిమెంటు గోనె సంచుల్లో వెళ్ళేది. జనపనార నేతలో సందులుంటాయి. సిమెంటు పిండికంటే మెత్తన. సంచి ఎత్తి వీపున వేసుకుంటే అడుగడుగునా రాలేది. లారీ మీద పడేసినప్పుడల్లా ఓ మబ్బు లేచేది. ముక్కుకు తువ్వాలు కట్టుకోవడం తప్ప వేరే రక్షణ లేదు. చెమట పట్టిన ఒంటికి సిమెంటు తగిలితే సున్నంలాగే కాలుస్తుంది. మెడ వెనకా, వేళ్ళ సందుల్లో పుళ్ళు పడేవి. రాత్రి ఆవనూనె రాసుకుని పడుకోవడం, పొద్దున్నే మళ్ళీ అదే పని. షిఫ్టు అయ్యాక ఒక బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాళ్ళం, గొంతులో దుమ్ము దిగిపోతుందని నమ్మకం. ఆ బెల్లం ఊపిరితిత్తుల దాకా పోదని మాకు చెప్పినవాడు లేడు. ఎక్కువమంది ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, మనుషులు. ఛత్తీస్‌గఢీలు, ఒడియావాళ్ళు, మా శ్రీకాకుళం వాళ్ళు. వాళ్ళ పేర్లు ఫ్యాక్టరీ రిజిస్టర్‌లో ఉండేవి కావు. దగ్గి దగ్గి ఊరికి వెళ్ళిపోయిన మనిషి లెక్క ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు.

మేం గోనె సంచుల బాధ పడుతుండగానే 1987లో ఢిల్లీలో ఒక చట్టం చేశారు. ధాన్యం, పంచదారలాంటి వాటితో పాటు సిమెంటు కూడా ఇంత భాగం జనపనార సంచుల్లోనే నింపాలని. బెంగాల్ జూట్ మిల్లుల కార్మికుల పొట్ట నిలపడానికి చేసిన చట్టమది. వాళ్ళూ నాలాంటి కూలీలే, వాళ్ళ నోటి దగ్గర కూడు తియ్యమని నేననను. కానీ ఆ చట్టం రాసిన గదిలో ప్యాకింగ్ కూలీ ఒక్కడు కూర్చుని ఉంటే, అయ్యా ఈ సంచి కారుతుంది, ఆ కారింది మేం మింగుతున్నాం అని చెప్పేవాడు. తర్వాత కొన్నేళ్ళకు సిమెంటును ఆ చట్టం నుంచి తప్పించారు, ప్లాస్టిక్ నేత సంచులొచ్చాయి. ఆ మధ్య కాలం మా ఒంట్లోనే మిగిలింది.

ఇంటి దగ్గరా అంతే. కంచాలు బోర్లించి పెట్టుకోవడం మాకు చిన్నప్పటి నుంచి అలవాటు. పెంకుల మీద పడిన దుమ్ము మంచుకు తడిసి గట్టిపడేది. మామిడి ఆకుల మీద బూడిదరంగు పెచ్చు కట్టేది, గోరుతో గీరితే ఊడి వచ్చేది. పూత మీద పడితే ఆ ఏడు కాయ లేనట్టే. ఉతికిన బట్టలు ఏ వేళ ఆరేయాలో గాలి ఎటు వీస్తోందో చూసి మా అమ్మ చెప్పేది.

మా కాలంలో గాలి స్వచ్ఛంగా ఉండేదని చెప్పే ముసలివాళ్ళున్నారు. వాళ్ళ మాట నమ్మకండి. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి మట్టి పనికి వచ్చాడు. ఉక్కు కర్మాగారం కోసం రష్యావాళ్ళతో 1955 ఫిబ్రవరిలో ఒప్పందమై, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించేనాటికి ఇక్కడ వేల మంది అలాంటివాళ్ళు. భిలాయి క్యాంపుల్లో, ఖుర్సీపార్‌లో గుడిసెలు. సాయంత్రమయ్యేసరికి గుడిసె గుడిసెకీ బొగ్గుల కుంపటి బయట పెట్టి రాజేసేవారు. ఆ పొగ పొద్దుపోయేదాకా నేలను పట్టుకుని ఉండేది. ఆడవాళ్ళ కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. గ్యాసు బండ వచ్చాక ఆ పొగ పోయింది. ఇది యంత్రం, సర్కారు కలిసి చేసిన మేలు. ఆ మేలు నేను మరిచిపోను.

ఇక చిమ్నీ సంగతి. పొగలోని దుమ్మును పట్టడానికి ఈఎస్పీ అనే యంత్రం ఉంటుంది. పొగ దారిలో ఇనుప రేకులు వరసగా వేలాడదీసి, మధ్యలో ఎక్కువ వోల్టేజీ కరెంటు పెడతారు. దుమ్ము కణానికి కరెంటు అంటుకుని రేకుకు అతుక్కుంటుంది. రేకును కొట్టి దులిపితే కిందికి రాలుతుంది. గొప్ప తెలివి. కానీ దానికో బలహీనత ఉంది. కొలిమి సరిగా మండక పొగలో కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే, లోపల నిప్పురవ్వ పడి పేలిపోకుండా ఈఎస్పీ తనంతట తానే ఆగిపోతుంది. కరెంటు పోయినా ఆగుతుంది. ఆగినంతసేపూ వచ్చిన దుమ్మంతా ఊరి మీదికే. రాత్రిపూట కరెంటు బిల్లు మిగుల్చుకోవడానికి కావాలనే ఆపుతారనే అనుమానం ఏ పారిశ్రామికవాడకు వెళ్ళినా జనం నోట వినపడుతుంది. అది నిజమో కాదో నా దగ్గర రుజువు లేదు. జనానికి ఆ అనుమానం ఎందుకు పోవడం లేదన్నదే నాకు ముఖ్యం. ఎవరూ వాళ్ళకు చూపించలేదు, అందుకే పోలేదు. ఈఎస్పీ తర్వాత బ్యాగ్ ఫిల్టర్లు వచ్చాయి. గుడ్డ గొట్టాల్లోంచి పొగను వడకడతాయి, కార్బన్ మోనాక్సైడ్ పెరిగిందని ఆగిపోవు. ముందుకంటే చాలా నయం. మామిడాకుల మీద పెచ్చు ఇప్పుడు అలా కట్టడం లేదు, నేనే చూస్తున్నాను.

చట్టాలు ఎప్పుడు వచ్చాయో కూడా చెప్పాలి. నీళ్ళ చట్టం 1974లో, గాలి చట్టం 1981లో. అప్పటికి మాది మధ్యప్రదేశ్. కాలుష్య నియంత్రణ బోర్డు ఉండేది భోపాల్‌లో. ఆ భోపాల్‌లోనే 1984 డిసెంబర్ 2 రాత్రి గ్యాసు కమ్మింది. బోర్డు ఉన్న ఊళ్ళోనే వేల మంది పోయారు. ఆ తర్వాతే 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. మనుషులు పోయాక చట్టం రావడం ఈ దేశంలో ఆనవాయితీ అయిపోయింది. ఈ మాట కోపంతోనే అంటున్నాను. భోపాల్ రైలు ఎక్కించి పిల్లలను చదువులకు పంపిన ఇళ్ళు మా వీధిలో ఉన్నాయి.

మరి మా రోజుల్లో ఏం బాగుండేదని? ఒక్కటే. ఎదురుగా నిలబడి అడగడానికి మనిషి దొరికేవాడు. తహసీల్ గుమాస్తా కసురుకునేవాడు, లంచం అడిగేవాడు, రేపు రమ్మనేవాడు. కానీ అతనికో కుర్చీ ఉండేది, ఆ కుర్చీ ఎక్కడుందో మాకు తెలిసేది. పదిమందిమి కలిసి వెళ్తే లేచి నిలబడేవాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గరా అంతే. మేనేజరు కారులోంచి దిగకుండా వెళ్ళిపోతే మర్నాడు గేటు ముందు బైఠాయించేవాళ్ళం.

దానికి మూల్యం కూడా కట్టాం. దల్లీ రాజహరా ఇనుప గనుల్లో కూలీలను కూడగట్టిన శంకర్ గుహా నియోగి తర్వాత భిలాయి కాంట్రాక్టు కార్మికుల దగ్గరికి వచ్చాడు. 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున నిద్రలో ఉన్న మనిషిని కిటికీలోంచి కాల్చి చంపారు. మరుసటి ఏడు జూలై 1న భిలాయి పవర్ హౌస్ రైల్వే స్టేషన్‌లో పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 16 మంది కార్మికులు పోయారు. ఆ రోజు ఈ వీధుల్లో పొయ్యి వెలగలేదు.

నియోగిని యంత్రాలకు అడ్డుపడ్డవాడని కొందరు చెబుతారు. అది తప్పు. రాజహరా గనుల్లో పూర్తిగా యంత్రాలు పెడతామన్నప్పుడు వాళ్ళ సంఘం యంత్రమే వద్దనలేదు. సగం పని యంత్రం, సగం పని మనిషి అని లెక్కలతో సహా వేరే దారి చూపించింది. బరువైన పని యంత్రానికి, మిగతాది కూలీకి. ఏ పని ఎవరికి అన్నది కూలీలతో కూర్చుని తేల్చుకోవాలన్నది వాళ్ళ వాదం. ఆ కూలీలే చందాలేసుకుని 1983లో షహీద్ ఆస్పత్రి కట్టుకున్నారు. కొత్త యంత్రం వస్తోందంటే ముందు అడగాల్సిన ప్రశ్న అప్పటి నిరక్షరాస్యులు అడిగారు. ఇప్పుడు ఇంజినీరింగ్ చదివినవాళ్ళు అడగడం లేదు. ఉక్కు కర్మాగారంలో పర్మినెంటు ఉద్యోగులు సగానికంటే ఎక్కువే తగ్గిపోయి ఇంకా తగ్గుతున్నారు. చేసే పని మాత్రం తగ్గలేదు, కాంట్రాక్టు చేతుల్లోకి పోయింది.

ఇప్పటి రోజులకొద్దాం. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ బోర్డు ఒక ఆదేశం ఇచ్చింది. సిమెంటు, ఉక్కు లాంటి 17 రకాల పరిశ్రమలు చిమ్నీలోనే మీటరు పెట్టాలి, ఆ అంకెలు రాత్రీ పగలూ ఆపకుండా బోర్డు సర్వర్లకు నేరుగా వెళ్ళాలి. అదే ఏడాది సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ముకు కొత్త పరిమితి వచ్చింది. ఘనపు మీటరు పొగలో 30 మిల్లీగ్రాములు. పాత నిబంధనలో పెద్ద ఫ్యాక్టరీకి 250 దాకా చెల్లేది. కాగితం మీద ఇది ఎంత పెద్ద మార్పో ప్యాకింగ్‌లో పనిచేసినవాడికి తెలుస్తుంది. ఈ ఆదేశం రాసినవాళ్ళకు దణ్ణం పెడతాను.

కానీ ఆ అంకె మా వీధిలో ఎవరు చూశారు? చిమ్నీలో పుట్టింది, తీగ వెంట వెళ్ళింది, ఎక్కడో గదిలో తెర మీద మెరిసింది. దుమ్ము మా కంచంలో, లెక్క వాళ్ళ తెర మీద. అదీకాక మీటరు ఉన్నది చిమ్నీకి. నందినీ రోడ్ మీద రాత్రంతా పోయే లారీల వెనక లేచే దుమ్ముకు మీటరు లేదు. తార్పాలిన్ సగం కప్పిన ట్రాలీకి లేదు, పారిశ్రామికవాడలో చిన్న చిన్న ఫౌండ్రీలు, రోలింగ్ మిల్లులు వదిలే పొగకు చాలాచోట్ల లేదు. ఎవరి దుమ్మో తేల్చడం కష్టమంటారు. కష్టమే. అందుకని ఎవరిదీ కాదని వదిలేస్తే మింగేవాడికి మాత్రం ఆ తేడా ఏముంటుంది?

మా మనవడు ఫోను తీసి చూపిస్తాడు. చూడు తాతా, ఈ రోజు గాలి పసుపు రంగు, పరవాలేదు అని. 2015లో దేశమంతటికీ ఈ గాలి సూచీ పెట్టారు. మంచిదే. నేను వాణ్ణి అడిగాను, ఈ పసుపు రంగు ఎక్కడి గాలిదిరా అని. వెతికి చెప్పాడు. భిలాయిలో గాలి కొలిచే యంత్రాలు సివిక్ సెంటర్‌లో ఒకటి, 32 బంగళాల దగ్గర ఒకటి, హథ్‌ఖోజ్‌లో ఒకటి ఉన్నాయట. 32 బంగళాలంటే అధికారులుండే చోటు, రోడ్డుకిరువైపులా పెద్ద పెద్ద చెట్లు. హథ్‌ఖోజ్ అంటే భారీ పరిశ్రమలున్న వాడ. రెండు చోట్లా ఒకటే ఊపిరి కాదు. మూడు చోట్ల పెట్టినందుకు సంతోషం. కానీ పిల్లవాడు ఫోను చూసి బయటికి ఆడుకోవడానికి పోవాలా వద్దా అని తేల్చుకుంటున్నాడంటే, వాడు చూస్తున్న అంకె వాడు పీల్చే గాలిదేనా అని వాడికి చెప్పే బాధ్యత ఒకరికి ఉండాలి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో ఛత్తీస్‌గఢ్ నుంచి రాయ్‌పూర్, కోర్బా, భిలాయి మూడూ ఉన్నాయి. ప్రమాణాలు అందుకోలేని ఊళ్ళ జాబితా అది. అందులో మన పేరున్న సంగతి కూడా మా వీధిలో సగం మందికి తెలియదు.

ఫిర్యాదు చెయ్యొచ్చు కదా అంటారు. మా వీధిలో ఒకావిడ చేసింది. పసిబిడ్డకు ఆయాసం, రాత్రుళ్ళు కిటికీ తెరవలేకపోతోంది. కొడుకు చేత ఒక పోర్టల్‌లో రాయించింది. ఫోటో పెట్టింది. కొన్నాళ్ళకు ఫోనుకు సందేశం వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించబడినది అని. ఎవరూ వచ్చి చూడలేదు. దుమ్ము అలాగే ఉంది. ఆవిడ నా దగ్గరికి వచ్చి, "బాబాయ్, ఇప్పుడు ఎవరి దగ్గరికెళ్ళి అడగాలి?" అంది. నాకు జవాబు తోచలేదు. ఆ సందేశం కింద సంతకం లేదు, పేరు లేదు. మా రోజుల్లో అయితే ఆవిణ్ణి తీసుకుని నేరుగా ఆఫీసుకు వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు బోర్డు ఆఫీసు భిలాయిలోనే ఉన్నా, పోర్టల్‌లో రాయండి అని గుమ్మంలోనే తిప్పి పంపేస్తారు.

పెన్షన్ సంగతీ ఇంతే. ఏటా బతికే ఉన్నామని వేలిముద్ర వేసి నిరూపించుకోవాలి. 2014 నుంచి ఈ పని యంత్రం మీద జరుగుతోంది. ఏళ్ళ తరబడి సిమెంటు ఎత్తిన వేళ్ళకు గీతలుండవు. సిమెంటులోని సున్నం వాటిని తినేస్తుంది. యంత్రం మీద వేలు పెడితే సరిపోలేదు అంటుంది. నాతో పనిచేసిన మనుషులు ఒకరి తర్వాత ఒకరు వేలు తుడుచుకుని, నిమ్మకాయ రాసుకుని, మళ్ళీ పెట్టి, మళ్ళీ కాదనిపించుకున్నారు. నెలకు వెయ్యి రూపాయల పెన్షన్ కోసం. ఏ పని చేసి వాళ్ళ వేళ్ళు అరిగాయో ఆ పని తాలూకు పెన్షన్ అది. 2021 నుంచి ముఖం చూసి గుర్తుపట్టే ఏర్పాటు వచ్చింది. కొందరికి దానితో గడిచింది. ఆ ఏర్పాటు మొదటే ఎందుకు లేదు? యంత్రం తయారు చేసినప్పుడు సిమెంటు కూలీ వేలు ఒక్కటీ దాని మీద పెట్టి చూడలేదు గనక.

నీళ్ళ గురించి ఒక్క మాట. మా దుర్గ్ జిల్లా దాహం తీర్చేది శివనాథ్ నది. 1998లో బోరయీ పారిశ్రామికవాడకు నీళ్ళివ్వడానికని ఆ నదిలో 23 కిలోమీటర్ల పైచిలుకు మేర ఒక ప్రైవేటు కంపెనీకి 22 ఏళ్ళకు అప్పగించారు. నదీతీర గ్రామాల వాళ్ళు చేపలు పట్టుకోవడానికి, పొలానికి నీళ్ళు తోడుకోవడానికి అడ్డంకులొచ్చాయి. నదిని ఇచ్చే ముందు నది ఒడ్డున ఉన్నవాళ్ళను అడగలేదు. ఆఖరికి ఛత్తీస్‌గఢ్ శాసనసభ ప్రజాపద్దుల కమిటీయే ఆ ఒప్పందం రద్దు చెయ్యాలని చెప్పాల్సి వచ్చింది. బస్తా సిమెంటుకు నాలుగు సంతకాలు కావాలన్న సర్కారు అదే. నదికి అంత విచారణ కూడా చెయ్యలేదు.

అడగాలని చట్టం చెప్పడం 1997లో మొదలైంది. పెద్ద పరిశ్రమ పెట్టినా, విస్తరించినా ముందు ప్రజల మధ్య కూర్చుని అభిప్రాయం సేకరించాలి. ఇక్కడ జన సునవాయి అంటారు. నాకు తెలిసినంతలో స్వతంత్రం వచ్చాక పర్యావరణం గురించి చేసిన నియమాల్లో దీన్ని మించింది లేదు. దీన్ని ఎలా నడిపారన్నది వేరే కథ. మా తాతల జిల్లా శ్రీకాకుళాన్నే చూడండి. సోంపేట బీల భూముల్లో థర్మల్ విద్యుత్ కేంద్రం పెడతామన్నారు. అది ఏడాది పొడవునా నీళ్ళుండే చిత్తడి నేల, చేపలకూ వరికీ ఆధారం. 2009లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, జనం వద్దన్నారు. అయినా అనుమతి వచ్చింది. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో అప్పీలు విన్న అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. మా బంధువుల ఇంటి నుంచి ఆ రాత్రి ఫోను వచ్చింది. తీర్పు ఒక పూట ముందొస్తే ఆ ఇద్దరూ బతికేవారని ఫోనులో మా బంధువులావిడ ఏడ్చింది. నేనైతే ఇంకా వెనక్కి వెళ్తాను. ఆ సభలో జనం చెప్పింది విని ఉంటే తీర్పు అవసరమే వచ్చేది కాదు.

పదేళ్ళు తిరక్కుండానే 2020లో ఆ నియమాన్ని ఇంకా కుదించడానికి ముసాయిదా వచ్చింది. సభకు ముందు జనానికిచ్చే నోటీసు 30 రోజుల నుంచి 20 రోజులకు తగ్గించాలని, అనుమతి లేకుండా మొదలుపెట్టినవాళ్ళకు తర్వాత ఇచ్చుకోవచ్చని. 20 రోజుల్లో వందల పేజీల ఇంగ్లీషు నివేదిక ఎవరు చదివి పెడతారు మా ఊరి కూలీకి? ఆ ముసాయిదా మీద దేశం మాట్లాడుకుంటున్న ఆ మే నెలలోనే, 7వ తేదీ తెల్లవారుజామున విశాఖలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లేచింది. 12 మంది పోయారు. పర్యావరణ అనుమతి సరిగా లేకుండానే నడుస్తున్నట్టు ఆ కంపెనీయే అంతకు ముందు ఏడాది అఫిడవిట్‌లో రాసిచ్చింది. రాసిచ్చిన కాగితం ఆఫీసులో ఉంది. చదివి ఆపినవాడు లేడు.

వ్యాపారం సులువు కావాలి, ఇన్‌స్పెక్టర్ రాజ్యం పోవాలి అంటారు. ఇన్‌స్పెక్టర్ల లంచాలు నేను చూశాను, వాళ్ళను వెనకేసుకు రాను. కానీ ఇప్పుడు ఎవరిని తనిఖీ చెయ్యాలో కంప్యూటర్ తీస్తుంది, చాలా వాటికి యజమాని తానే అంతా బాగుందని రాసిచ్చుకుంటే సరి. భిలాయి ఉక్కు కర్మాగారంలో 2014 జూన్‌లో గ్యాసు లీకై ఆరుగురు పోయారు, వాళ్ళలో పెద్ద అధికారులూ ఉన్నారు. 2018 అక్టోబర్‌లో గ్యాసు పైపు దగ్గర మంటలు లేచి అంతకంటే ఎక్కువ మంది పోయారు. అంత పెద్ద ప్రభుత్వ కర్మాగారంలోనే ఇలా ఉంటే, షెడ్డు వేసుకుని నడిపే చిన్న యజమాని రాసిచ్చిన కాగితాన్ని నమ్మి తనిఖీ మానేయడం ఏం న్యాయం? ఇన్‌స్పెక్టర్ నిజాయితీగా ఉండేలా చెయ్యాలి. ఇన్‌స్పెక్టరే లేకుండా చెయ్యడం దానికి మందు కాదు.

టెక్నాలజీ, నియమం, ఫ్యాక్టరీ మూడూ ఒక దారిలో నడిస్తే ఏమవుతుందో మా ఊరే చూపించింది. ఉక్కు కొలిమిలోంచి కరిగిన స్లాగును ఒకప్పుడు గుట్టలుగా పారబోసేవారు, రాత్రి ఆకాశం ఎర్రబడేది. దాన్నే వేడి మీద నీళ్ళతో చల్లార్చి, గింజలుగా మార్చి, క్లింకర్‌తో కలిపి నూరితే మంచి సిమెంటు. అంత సున్నపురాయి తవ్వనక్కర్లేదు, అంత బొగ్గు కాల్చనక్కర్లేదు. ఒకరి చెత్త ఇంకొకరికి సరుకు. ఇప్పుడు ప్రపంచమంతా దీన్ని గొప్పగా చెప్పుకుంటోంది. జాముల్ కూలీలు ఆ సిమెంటు ఎప్పుడో ఎత్తారు. కాబట్టి నేను యంత్రానికి శత్రువునని ఎవరూ అనుకోవద్దు.

నాకు కావాల్సింది ఇదీ. పర్యావరణ అనుమతి షరతుల్లోనే ఉంది, ఆ అనుమతి పత్రం కాపీ స్థానిక సంస్థకు ఇవ్వాలని, ఆరు నెలలకోసారి షరతులు పాటించిన నివేదిక పెట్టాలని. ఆ నివేదికను వెబ్‌సైట్‌లో పడేసి చేతులు దులుపుకోకుండా నగర పాలిక వార్డు సభలో హిందీలో, ఛత్తీస్‌గఢీలో చదివి వినిపించాలి. బోర్డు నుంచి ఒక అధికారి నెలకోసారైనా జాముల్‌లో బల్ల వేసుకుని కూర్చోవాలి, అక్కడ ఫిర్యాదు చేసినామె సరే అన్నాకే ఫైలు మూయాలి. చిమ్నీ మీటరు అంకెలు గేటు లోపల కాదు, నందినీ రోడ్ మీద నడిచేవాళ్ళకు కనపడేంత పెద్ద బోర్డు మీద వెలగాలి. రాత్రి అంకెలు విడిగా చూపించాలి. పరిమితి దాటిన రోజున ఎన్ని గంటలు దాటింది, ఎందుకు దాటింది, ఎవరికి ఎంత జరిమానా వేశారు అన్నది కూడా ఆ బోర్డు మీదే రాయాలి.